సాదా కాగితం మీద రెండెకరాలు

ఐపీ అనే మాట

మా సంగారెడ్డి, పటాన్‌చెరు వైపు ఎవరినైనా ఆపి ‘ఐపీ పెట్టడం’ అంటే ఏమిటని అడగండి. "ఊరందర్ని ముంచి చేతులెత్తేసుడు" అంటారు. ఆ మాట ఒక తిట్టు. "వాళ్ల నాయిన ఐపీ పెట్టినోడు" అని తెలిస్తే కుదిరిన సంబంధం కూడా వెనక్కి పోతుంది. నిజానికి అది దివాలా పిటిషను. అప్పు తీర్చలేని మనిషి కోర్టుకు వచ్చి, నాకున్నదంతా ఇదిగో మీ ముందు పెడుతున్నాను, అమ్మి పంచండి, నన్ను జైలుకు పంపకుండా మిగతా బతుకు బతకనివ్వండి అని వేడుకునే కాగితం. దానికి రెండు జాబితాలు ఉంటాయి. ఒకదాంట్లో అప్పులు, ఇంకోదాంట్లో ఆస్తులు.

అప్పుల జాబితా రాయించడానికి వకీలుకు తెలివి అక్కర్లేదు. ఎవరెవరికి ఎంత బాకీయో మనిషికి నిద్రలో లేపి అడిగినా గుర్తుంటుంది. ఆస్తుల జాబితా దగ్గరికి వచ్చేసరికి అందరికీ మతిమరుపు వస్తుంది. "నాకేముంది సాబ్, ఒంటి మీది బట్టలు తప్ప" అంటారు. ఆ మాట విని కలం తీసి ‘ఏమీ లేవు’ అని రాసే వకీలు గడ్డి తిన్నట్టే. ఆ గడ్డి నేను తిన్నాను.

ఎనభైల మొదట్లో సంగారెడ్డి కోర్టులో నల్లకోటు తొడుక్కుని, రెండువేలు దాటి చాలా ఏళ్లయ్యాక విప్పాను. కొత్తగా సివిలు వైపు వచ్చే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. గెలిచిన కేసులు రాయను. అవి మా ఇంట్లో వాళ్లే విని విని విసిగిపోయారు. ఒక మనిషి ఇల్లు నా మూలంగా ఎట్లా పోయిందో రాస్తాను. అది రాయాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను ఓర్వలేని మనిషిని. వయసు మీద పడితే తగ్గుతుందన్నారు. తగ్గలేదు.

పాండురంగం

నేను కుళ్లుకున్నది లోకం మీద కాదు, ఒక్కడి మీద. అతని పేరు పాండురంగం. ఇద్దరం ఒకే వారంలో ఒకే సీనియర్ దగ్గర చేరాం. ఆయన్ని పెద్దసారు అనేవాళ్లం. ఒకే బల్లకు అటు అతను, ఇటు నేను. నాకు ఇంగ్లీషు బాగా వచ్చు, గొంతు ఉంది, మనిషి కూడా కాస్త చూడ్డానికి బాగుంటానని నా నమ్మకం. పాండురంగానికి ఇవేవీ లేవు. పొట్టిగా, నల్లగా, నోట్లో నీళ్లు పోసుకున్నట్టు మాట్లాడేవాడు. జడ్జి రెండుసార్లు "ఏమిటి? గట్టిగా చెప్పండి" అంటేగాని అతని వాదన బెంచీ దాకా చేరేది కాదు.

కానీ క్లయింట్లు అతని వైపే జరిగేవాళ్లు. మెట్లెక్కి వచ్చిన మనిషి ముందు నన్ను చూసేవాడు, తర్వాత అతన్ని చూసేవాడు, పోయి అతని ముందున్న స్టూలు మీద కూర్చునేవాడు. ఎందుకు? ఇన్నేళ్లయినా నాకు అర్థం కాదు. అతని చేతిరాత ముత్యాలకోవ. దానికీ ఏడ్చాను. అతనికి తినడానికి ఇంటి నుంచి జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం వచ్చేవి. నాకు హోటలు ఇడ్లీ. దానికీ ఏడ్చాను. చిన్న చిన్న వాటికి ఏడవడం అలవాటయితే పెద్దవాటికి ప్రత్యేకంగా కష్టపడనక్కర్లేదు.

ఒకనాడు పెద్దసారు నలుగురు క్లయింట్ల ముందే నాతో అన్నారు. "నువ్వు మనిషికి నచ్చేది చెప్తవు. వాడు మనిషికి పనికొచ్చేది చెప్తడు. అందుకే ఐపీ ఫైళ్లన్ని వానికే ఇస్తున్న." నలుగురూ నవ్వారు. పాండురంగం నవ్వకుండా తల వంచుకుని రాసుకుంటున్నాడు. నవ్వి ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదేమో.

బుచ్చమ్మ బర్రె

పెద్దసారు పోయాక ఇద్దరం వేరుపడ్డాం. ఒకే రోడ్డులో ఎదురెదురుగా గదులు కిరాయికి తీసుకున్నాం. అతనికి ఎదురుగా తీసుకోవడం నా పని. ఎవరెవరు అతని మెట్లెక్కుతున్నారో నా కిటికీలోంచి కనిపించేది.

అట్లా ఎక్కిన వాళ్లలో బుచ్చమ్మ ఒకతె. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ గేటు దగ్గర మెస్సు నడిపేది. బీహారు, ఒడిశా నుంచి వచ్చిన కార్మికులు నెలకోసారి డబ్బు కట్టి తినేవాళ్లు. ఫ్యాక్టరీలో పని ఆగిపోయి వాళ్లంతా ఒక్క వారంలో సొంతూళ్లకు పోతే, కిరాణా అప్పు బుచ్చమ్మ నెత్తిన పడింది. పాండురంగం ఆమెతో ఐపీ పెట్టించాడు. కిరాణా కొట్టాయన తరఫున నేను నిలబడ్డాను. పాండురంగాన్ని కోర్టులో చిత్తు చేయడానికి దేవుడిచ్చిన అవకాశం అనుకున్నాను.

ఆమె ఊరిలో వాకబు చేయించాను. ఆమె బర్రెను ఒకతనికి పాలుకిచ్చిందని తెలిసింది. బర్రె ఆమెది, మేపేది అతను, పుట్టిన దూడల్లో ఇద్దరికీ సగం సగం. ఇట్లాంటిది ఏ కాగితం మీదా ఉండదు. బర్రె వేరేవాళ్ల కొట్టంలో ఉంటుంది కాబట్టి తనది అని రాయాలని కూడా ఎవరికీ తట్టదు. దొరికింది రా అనుకున్నాను. బోనులో ఉన్న ఆమెను గొంతు పెంచి అడిగాను.

"నీకు బర్రె ఉందా, లేదా?"

"ఉన్నది సారూ. రాసినం గద. నువ్వు సదువలేదా?"

కోర్టంతా గొల్లుమంది. జడ్జి కూడా కాగితం అడ్డం పెట్టుకున్నారు. జాబితా తిరగేసి చూశాను. పాలుకిచ్చిన బర్రె, దాని కడుపులో ఉన్న దూడలో సగం, ఇంకా ఎత్తని చిట్టీ, రెండు గ్రైండర్లు, మెస్సు గదికి కట్టిన అడ్వాన్సు, అన్నీ ఆ ముత్యాల రాతలో ఉన్నాయి. కింద వంటగిన్నెలు, పుస్తె, పరుపు రాసి, వీటిని చట్టం ముట్టుకోదు అని పక్కన చిన్నగా గుర్తు పెట్టాడు.

చిట్టీ రాయనని బుచ్చమ్మ మొత్తుకుందట. "ఎత్తని చిట్టీ నా సొమ్ము ఎట్లయితది?" అని రెండు రోజులు అలిగిందట. పాండురంగం ఆ రెండు రోజులూ పిటిషను వేయకుండా కూర్చున్నాడట. ఆమె తిరిగి వచ్చి రాయించింది. ఉన్నవన్నీ అమ్మి పంచారు, ఆమెకు విడుదల వచ్చింది. కొన్నాళ్లకు అదే గేటు దగ్గర మళ్లీ పొయ్యి వెలిగించింది. కిరాణా కొట్టాయన కూడా మళ్లీ ఆమెకే సరుకులు ఇచ్చాడు. దాచలేదని అందరికీ తెలిసింది కదా, అందుకు.

కొత్తవాళ్లు ఇక్కడ నేర్చుకోవాల్సింది ఒకటుంది. ‘నీకు ఆస్తులేమున్నాయి’ అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎవడూ నిజం చెప్పడు, చెప్పాలన్నా తెలియదు. పొద్దున ఏం తిన్నావు, ఆ బియ్యం ఎక్కడివి, ఆ పాలు ఎవరింటివి అని అడగండి. పాండురంగం అట్లా అడిగేవాడు. ఇది నాకు తోచింది కాదు, అతని పద్ధతే. రాయడానికి చెయ్యి రావడం లేదు గాని రాస్తున్నాను.

కిష్టయ్య వచ్చిన రోజు

కిష్టయ్యది లక్డారం. పటాన్‌చెరులో ఒక షెడ్డు కిరాయికి తీసుకుని లేతు మిషను పెట్టుకున్నాడు. ఒక పెద్ద ఫ్యాక్టరీకి బోల్టులు, బుష్షులు తయారుచేసి ఇచ్చేవాడు. ఫ్యాక్టరీకి తాళం పడింది. వాళ్ల దగ్గర రావాల్సింది రాలేదు. ఇనుప కడ్డీలు అరువిచ్చిన సేఠ్ మాత్రం కోర్టుకు పోయి డిక్రీ తెచ్చుకున్నాడు. కిష్టయ్యకు ఊళ్లో ఒక ఇల్లుంది. తాత కట్టింది, కిష్టయ్య స్లాబు వేయించాడు. భార్య అనసూయ, ఇద్దరు ఆడపిల్లలు అందులోనే. సేఠ్ ఆ ఇంటి మీద కన్నేశాడు.

కిష్టయ్య రోడ్డుకు అవతల పాండురంగం మెట్లెక్కడం నా కిటికీలోంచి చూశాను. చాలాసేపటికి దిగాడు. నాలుగడుగులు బస్టాండు వైపు వేశాడు, ఆగాడు, రోడ్డు దాటి నా గదిలోకి వచ్చాడు. నా వకాలతు మొత్తంలో పాండురంగాన్ని వదిలి నా దగ్గరికి వచ్చిన మొదటి మనిషి. నా సంతోషం ఏం చెప్పను! కుర్చీ వేయించాను. మా గుమాస్తా ఖాజామియాను పంపి చాయ్ తెప్పించాను. మలాయి వేయించాను కూడా.

"ఆ సారు అన్ని రాయాలె అంటున్నడు సాబ్," అన్నాడు కిష్టయ్య.

"ఏం రాయమన్నాడు?"

"లేతు మిషిను రాస్తా అన్న. డ్రిల్లు మిషిను రాస్తా అన్న. గాని మా ఊళ్లె రెండెకరాలున్నది. అది గూడ రాయాలె అంటున్నడు. అది నాది గాదు గద సాబ్."

"నీది కాదా?"

"కొన్ననే గాని సాదాబైనామా. పట్టా అమ్మినాయినె పేరు మీదనే ఉన్నది. పహాణీల కబ్జా గడిల నా పేరున్నది, అంతే."

ఇటువైపు పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియని వాళ్లకు చెబుతాను. మా దగ్గర భూమి కొనడమంటే తెల్ల కాగితం మీద అమ్మినట్టు రాసుకుని, ఇద్దరు సాక్షుల వేలిముద్రలు వేయించడం. రిజిస్ట్రీ దాకా ఎవరు పోతారు? అదే సాదాబైనామా. దున్నేది కొన్నవాడు కాబట్టి పహాణీ అనే ఊరి భూముల లెక్క పుస్తకంలో, కబ్జా గడిలో అతని పేరు ఎక్కుతుంది, పట్టా మాత్రం అమ్మినవాడి పేరు మీదే ఉంటుంది. ఊరి లెక్కలో భూమి కొన్నవాడిదే. సర్కారు కచేరీ లెక్కలో అమ్మినవాడిదే. మనిషి తనకు ఏది అనుకూలమో ఆ లెక్క చెబుతాడు. బ్యాంకు అప్పు కావాలంటే భూమి నాది అంటాడు, కోర్టులో అడిగితే నాది కాదంటాడు.

నేను వెంటనే అనాల్సిన మాట ఒకటుంది. సాదా కాగితమైనా హక్కు హక్కే, పో, ఆ సారు చెప్పినట్టే రాయించుకో. నాకు ఆ చట్టం తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఈ వయసులో ఇట్లా కూర్చుని రాసేవాణ్ని కాదు. నేను అన్నది ఇది: "పట్టా నీ పేరు మీద లేనప్పుడు ఎందుకు రాస్తావు? అతనికి భయం ఎక్కువ. నీది కానిది నీది అని ప్రమాణం చేస్తే అదీ తప్పే."

కిష్టయ్య మొహం వెలిగిపోయింది. "గిట్ల చెప్పెటోడే కావాలె సాబ్," అన్నాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి, "ఆ సారు ఇట్ల రాసిండు, జెర సూడుండ్రి" అన్నాడు.

ఆ ముత్యాల రాత మడతల్లోంచే కనబడింది. "ఆయన రాత నాకు చూపకు. లోపల పెట్టుకో," అన్నాను. పెట్టుకున్నాడు.

పిటిషను వేశాం. కోర్టులో అతన్ని ప్రమాణం చేయించి విచారించారు. నేను నేర్పినట్టే చెప్పాడు. ‘నాకు భూమి లేదు. వ్యవసాయం లేదు. లేతు పనే నా జీవనాధారం.’ అప్పటికి షెడ్డు మూసి రెండేళ్లు. లేతు మీద దుమ్ము పేరుకుంది. అతని ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ రెండెకరాల మీదే. ఆ చలికాలం మా ఇంటికి సంచెడు కందులు తెచ్చి ఇచ్చాడు. నా భార్య చేట్లో పోసి చూసి, "మంచి గింజ, కొన్నవి కావు, చేనువే. వాళ్లకు చేనుందా?" అంది. "నీకెందుకు?" అన్నాను. పప్పు బాగుంది. రెండుసార్లు పోయించుకుని తిన్నాను.

బార్ గదిలో

ఐపీ నడుస్తోంది. అంతలో సర్కారు సాదాబైనామాలకు పట్టాలిస్తామని, ఫలానా తేదీలోపు అర్జీలు పెట్టుకోండని గడువు పెట్టింది. నా గది ముందు జాతర. ఖాజామియా వరండాలో బల్ల వేసుకుని అర్జీలు నింపడం, సాయంత్రం కట్ట కట్టి నా ముందు పెట్టడం, నేను కింద సంతకం చేసి ముద్ర కొట్టడం. ఒక్కటీ చదవలేదు. పాండురంగం గది ముందు అంత గుంపు లేదు. అతను ఒక్కొక్కరిని కూర్చోబెట్టి అడుగుతాడు కదా, జల్దీ కాదు. అది చూసి నాకు కడుపు చల్లబడింది. ఆ వారమంతా హుషారుగా ఉన్నాను.

తర్వాతి వాయిదాకు సేఠ్ వకీలు లేచి, "పిటిషనరుకు లక్డారంలో రెండెకరాల భూమి ఉంది, దాచాడు, వచ్చే వాయిదాకు కాగితం పెడతాను" అన్నాడు. ఆ భూమి సంగతి తెలిసిన వకీళ్లు ఇద్దరే. నేను, పాండురంగం. నేను చెప్పలేదు.

నేరుగా బార్ గదికి పోయాను. మధ్యాహ్నం అన్నాల వేళ, అందరూ ఉన్నారు. పాండురంగం రొట్టె తింటున్నాడు.

"క్లయింటు నిన్ను వదిలి నా దగ్గరికి వచ్చిండని ఇంత కక్షనా? నీతో చెప్పుకున్నది పోయి సేఠ్ చెవిలో ఊదుతవా? ఇది వకీలు చేసే పనేనా?" అని అరిచాను. కోర్టులో నాకున్న గొంతు అక్కడ కూడా ఉంది. వరండా దాకా వినిపించింది.

పాండురంగం నమిలింది మింగాడు. "కిష్టయ్య నాతో చెప్పింది నాతోనే ఉంటది," అన్నాడు. ఇంకో ముక్క తుంచుకున్నాడు. అంతే. చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది ఆ రోజు నన్నే నమ్మారు. గొంతు ఉన్నవాడిని నమ్మడం లోకం తీరు.

ఆ పై వాయిదాకు సేఠ్ వకీలు కాగితం పెట్టాడు. పట్టా కోసం కిష్టయ్య పెట్టుకున్న అర్జీ నకలు. ‘నేను కొని, పదేళ్ల పైనుంచి కబ్జాలో ఉండి, సేద్యం చేసుకుంటున్నాను’ అని రాసి ఉంది. మండలాఫీసు వాళ్లు అభ్యంతరాలుంటే చెప్పమని పంచాయతీ గోడకు నోటీసు అంటించారు. సేఠ్ మనిషి వసూలుకు ఊరికి పోయి అది చదివాడు. కథ అంతే. అర్జీ కింద ఒక ముద్ర, ఒక సంతకం. జడ్జి దాన్ని చూశారు, నన్ను చూశారు, నా వైపు చాచారు. నా ముద్ర. నా సంతకం.

గదికి వచ్చి ఖాజామియా మీద విరుచుకుపడ్డాను. ఆయన నింపాదిగా అన్నాడు. "మీరే కదా సాబ్ సంతకం చేసింది. అతను లైన్ల నిలవడ్డడు, నేను రాసిన. ఐపీల భూమి లేదని రాసిన్రని నాకెవరు చెప్పిన్రు?" నిజమే, నేను చెప్పలేదు. కిష్టయ్యను అడిగితే అతను అంతకన్నా అమాయకంగా, "అది కోర్టు సాబ్, ఇది మండలాఫీసు. రెండు ఒకటేనా?" అన్నాడు. అతని దృష్టిలో రెండు సర్కార్లు, రెండు లెక్కలు. ఆ అలవాటును తెంచాల్సింది వకీలు. నేను దాన్నే వాడుకున్నాను.

బార్ గదికి తిరిగి పోయి, తప్పు నాదే అని చెప్పాలి కదా? చెప్పలేదు. పది రోజులు బార్ గది మొహం చూడలేదు. తేలు కుట్టిన దొంగకు అరిచే వీలుండదు.

ఒక్క వాక్యం

ఆస్తి దాచాడని ఐపీ కొట్టేశారు. కోర్టు రక్షణ పోయింది. సేఠ్ ఇంటిని వేలానికి పెట్టించాడు. కిష్టయ్య నాకు చెప్పకుండానే రోడ్డు దాటి పాండురంగం మెట్లెక్కాడు. దానికి అతని మీద కోపం రావడానికి నాకేం హక్కుంది? వచ్చింది.

కోర్టు ఆవరణలో ఒకరోజు కిష్టయ్యే నన్ను ఆపాడు. ఆ మడత కాగితం తెరిచి నా ముందు పెట్టాడు. "అప్పుడు సూడలే. ఇప్పుడన్న సూడు సాబ్," అన్నాడు. సాబ్ అన్నాడు గాని ‘సూడుండ్రి’ అనలేదు. చూశాను. మొదట రెండెకరాలు, సాదాబైనామా, కబ్జా. దాని కింద ఇల్లు. ఇంటి పక్కన చిన్నగా: సేద్యం మీద బతికేవాని నివాసం, వేలానికి రాదు.

సేద్యం మీద బతికేవాడు ఉంటున్న ఇంటిని అప్పు కింద అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. ఆ రెండెకరాలు రాసి ఉంటే, షెడ్డు మూసినప్పటి నుంచి అతను రైతుగానే బతుకుతున్నాడని తేలేది. భూమి పోయేది, ఇల్లు మిగిలేది. పాండురంగం దాన్ని ఒక్క పూటలో చూశాడు. అతనిది పిరికితనం అని నేను క్లయింటుకు చెప్పాను.

పాండురంగం ఇప్పుడు అదే వాదించాడు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. జడ్జి పాత వాంగ్మూలం తెప్పించి గట్టిగా చదివారు. "నాకు భూమి లేదు. వ్యవసాయం లేదు. లేతు పనే నా జీవనాధారం. ప్రమాణం చేసి చెప్పిన మాట ఇది. ఇప్పుడు రైతునంటే ఎట్లా?" తర్వాత కిష్టయ్యను నేరుగా అడిగారు. "భూమి రాయొద్దని నీకు ఎవరు చెప్పారు?"

నా వకాలతు, నా కోటు అన్నీ అతని నాలుక మీద ఉన్నాయి.

కిష్టయ్య వెనక్కి తిరిగి చూడలేదు. "ఎవ్వలు చెప్పలే సార్. పట్టా లేదు గదాని నేనే అనుకున్న," అన్నాడు.

ఇల్లు వేలానికే పోయింది. భూమన్నా దక్కిందా? అమ్మినాయన కొడుకు ఆ వాంగ్మూలం నకలే పట్టుకుని మండలాఫీసుకు పోయాడు. భూమి లేదని కిష్టయ్యే కోర్టులో చెప్పాడు, ఇక మేము అమ్మిందెక్కడ అన్నాడు. అర్జీ కొట్టేశారు. ‘నాకు భూమి లేదు’ అని నేను నేర్పిన ఆ ఒక్క వాక్యం ఇంటినీ మింగింది, చేనునూ మింగింది. సేఠ్‌కు ఇల్లు దక్కింది. మిగతా అప్పులవాళ్లకు ఏమీ దక్కలేదు. దాచిన ఆస్తి దాచినవాడికీ ఉండదు, ఇవ్వాల్సినవాడికీ పోదు. మధ్యలో ఎవడో తీసుకుంటాడు.

నా పేరు ఎందుకు చెప్పలేదని కిష్టయ్యను అడిగాను. "మీ పేరు చెప్తే ఇల్లొస్తదా సాబ్?" అన్నాడు. ఆ మాట కిష్టయ్యది కాదు, పాండురంగమే నేర్పి ఉంటాడని చాలాకాలం అనుమానించాను. నా మీద దయ చూపించి గొప్పవాడనిపించుకోవడానికి! ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు. కానీ అనుకున్నానని రాయాలి.

లక్డారంలో

ఇల్లు ఖాళీ చేయాల్సిన రోజు లక్డారం పోయాను. ఎందుకు పోయానంటే చెప్పలేను. పొద్దు బాగా ఎక్కింది. ఇంటి ముందు ట్రాక్టరు ట్రాలీ ఆగి ఉంది. సగం సామాను ఎక్కింది. కోర్టు అమీను అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. పెద్ద పిల్ల పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని ట్రాలీ అంచున కూర్చుంది. పాండురంగం చొక్కా చేతులు మడిచి, లోపలి నుంచి మంచం బయటికి లాగుతున్నాడు. పటాన్‌చెరులో వాళ్లకు ఒక గది కిరాయికి చూసిపెట్టింది కూడా అతనేనని అమీను చెప్పాడు. వీడు అన్నిట్లోనూ నాకన్నా ముందే!

దగ్గరికి పోయాను. "పాండురంగం, ఆ రోజు బార్ గదిలో నేను..." అన్నాను.

"పాయె తీయ్. ఆ పక్క పట్టుకో," అన్నాడు.

పట్టుకున్నాను. ఇద్దరం మంచాన్ని ట్రాలీలోకి ఎక్కించాం. నాకు ఆయాసం వచ్చింది, అతనికీ వచ్చింది. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి.

అనసూయ లోపలి నుంచి వచ్చింది. గిన్నెలన్నీ మూట కట్టేశారు, ఒక్క స్టీలు గ్లాసు బయట ఉంది. కుండలో అడుగున ఉన్న నీళ్లు ముంచి, పాండురంగం ముందు నిలబడింది.

"తాగన్నా. పొద్దటి సంది నిలవడ్డవు," అంది.

అతను తాగాడు. ఆమె గ్లాసు తీసుకుని, కుండ వాకిట్లో వంచేసి, రెండూ ట్రాలీలో సర్దింది. నా వైపు చూసింది. "వకీలు సాబ్, జెర పక్కకు జరుగుండ్రి, తలుపేస్తరట," అంది. ఆ గొంతులో కక్ష లేదు. తిట్టి ఉంటే తిట్టించుకునేవాణ్ని, దానికి సిద్ధపడే పోయాను. ఆమెకు నాతో ఏ పనీ లేదు.

అమీను తలుపుకు తాళం వేసి, లక్క ముద్ర కొట్టాడు. చిన్న పిల్ల ఏడుస్తోంది. కిష్టయ్య ట్రాక్టరు పక్కన నిలబడి తాళం వైపే చూస్తున్నాడు. నా మాట విని ఒక మనిషి తన ఇంటి బయట నిలబడ్డాడు, నేను అతనికి రెండడుగుల దూరంలో ఉన్నాను. అప్పుడు నా కడుపులో మండింది దాని గురించి కాదు. ఆ నీళ్లు అతనికిచ్చింది, నాకివ్వలేదు. అన్నా అని అతన్నే పిలిచింది. ట్రాక్టరు కదిలి, పాండురంగం దాని వెనకే నడిచిపోయేదాకా నేను అదే అనుకుంటూ నిలబడ్డాను. ఇంటి సంగతి నాకు బస్సెక్కిన తర్వాత గుర్తుకొచ్చింది.